మాడ్‌లున్న మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో చేరేముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న అడిగినవారు: కొత్తఇటుక

నేను మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌ను ఇంతవరకు వనిల్లాగానే, అంటే ఎలాంటి మార్పులూ చేర్చకుండానే ఆడుతూ వచ్చాను. మిత్రులు కొందరు క్రియేట్ మాడ్‌తో (మాడ్ అంటే ఆటను మార్చే, కొత్తవి చేర్చే ఫైలు) పాటు మరికొన్ని మాడ్‌లు పెట్టి ఒక సర్వర్ నడుపుతున్నారు; నన్ను కూడా అందులోకి రమ్మని అడుగుతున్నారు. వెతికితే దొరికిన వీడియోలలో ఒకరు ఫోర్జ్ పెట్టమంటారు, మరొకరు ఫ్యాబ్రిక్ పెట్టమంటారు, ఇంకొకరు నేరుగా ఒక మాడ్‌ప్యాక్, అంటే మాడ్‌ల కట్ట, దించుకొమ్మంటారు. ఎందుకు అలా చెయ్యాలో మాత్రం ఎవరూ వివరించడం లేదు.

సర్వర్‌లో ఉన్న మాడ్‌లు నేను చేరగానే వాటంతట అవే నా కంప్యూటర్‌లోకి వస్తాయా, లేక నేనే విడిగా పెట్టుకోవాలా? సర్వర్‌లో లేని మాడ్‌లను, ఉదాహరణకు ఆట వేగాన్ని పెంచేదాన్నో చిన్న మ్యాప్ చూపేదాన్నో, నా ఇష్టం మీద చేర్చుకోవచ్చా? ఎవరెవరో తయారుచేసిన ఫైళ్లను నడపడం వల్ల ప్రమాదం ఎంత? నా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, అది సరిపోతుందా? ఇప్పటికే నేను కట్టుకున్న సొంత ప్రపంచాలు చెడిపోకుండా చూసుకోవడం ఎలాగో కూడా చెబితే మేలు.

సమాధానం: గడ్డపార

కొత్తఇటుక గారూ, మీరు చేరబోయే సర్వర్ ఏ ఆట వెర్షన్ మీద, ఏ మాడ్ లోడర్ (మాడ్‌లను ఆటలోకి ఎక్కించే ప్రోగ్రామ్) మీద నడుస్తోందో కనుక్కునేవరకు ఒక్క ఫైలు కూడా దించుకోవద్దు. ఆ రెండూ తెలిస్తే ఫోర్జా ఫ్యాబ్రిక్కా అన్న ప్రశ్నే మీకు మిగలదు, ఎందుకంటే ఆ నిర్ణయం సర్వర్ నడిపేవారు ఎప్పుడో తీసేసుకున్నారు.

జావా ఎడిషన్‌లో మాడ్‌లను ఎక్కించే ఏర్పాటు ఆటతో పాటు రాదు. ఆ పని చేసే లోడర్లను ఆటగాళ్ల సమాజమే తయారుచేసుకుంది. ఫోర్జ్ 2011 నుంచి ఉంది, ఫ్యాబ్రిక్ 2018లో వచ్చింది, ఫోర్జ్ నుంచి విడిపోయిన నియోఫోర్జ్ 2023లో మొదలైంది. ఒక లోడర్ కోసం రాసిన మాడ్ మరొక లోడర్ మీద మామూలుగా పనిచెయ్యదు. నియోఫోర్జ్ కూడా 1.20.1 వరకు ఫోర్జ్ మాడ్‌లను స్వీకరించింది కానీ 1.20.2 నుంచి దాని దారి వేరైంది. ఆట వెర్షన్ విషయంలోనూ ఇంతే పట్టింపు ఉంటుంది. 1.20.1 కోసం తయారైన ఫైలు 1.21లో తెరుచుకుంటుందని ఆశించకూడదు. మాడ్ ఫైలు పేరులోనే ఈ వివరాలు చాలావరకు ఉంటాయి: మొదట మాడ్ పేరు, తరువాత కొన్నిసార్లు లోడర్ పేరు, ఆ పక్కన ఆట వెర్షన్, మరొక చోట మాడ్ సొంత వెర్షన్. ఈ రెండు అంకెలనూ తారుమారుగా చదివితే తప్పు ఫైలు చేతికొస్తుంది కనుక నిదానంగా చూడండి.

ఇక మాడ్‌లు వాటంతట అవే రావు. రిసోర్స్ ప్యాక్‌ను, అంటే బొమ్మలూ శబ్దాలూ ఉన్న కట్టను, సర్వర్ మీకు పంపగలదు. మాడ్ మాత్రం ఒక ప్రోగ్రామ్ కాబట్టి దాన్ని మీరే పెట్టుకోవాలి. క్రియేట్ లాంటి మాడ్ కొత్త దిమ్మెలనూ (బ్లాక్‌లనూ) యంత్రాలనూ ఆటలోకి తెస్తుంది. వాటి గురించి సర్వర్‌కూ మీ కంప్యూటర్‌కూ ఒకే రకంగా తెలిసి ఉండాలి గనుక రెండు వైపులా అదే మాడ్, వీలైనంతవరకు అదే వెర్షన్ ఉండి తీరాలి. లేకపోతే ఫోర్జ్ సర్వర్ మిమ్మల్ని గుమ్మంలోనే ఆపి, మాడ్‌ల జాబితా కుదరలేదని ఒక సందేశం చూపిస్తుంది. దానికి భిన్నంగా, బొమ్మ గీసే పనిని వేగవంతం చేసే సోడియం లాంటివి పూర్తిగా మీ వైపు మాత్రమే పనిచేస్తాయి. అవి మీ దగ్గర ఉన్నాయో లేవో సర్వర్ పట్టించుకోదు. సింపుల్ వాయిస్ చాట్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. సర్వర్‌లో అది ఉండి మీ దగ్గర లేకపోయినా, నడిపేవారు తప్పనిసరి చెయ్యకపోతే మీరు చేరి ఆడుకోవచ్చు, మాటలు మాత్రం వినిపించవు. పేపర్ లాంటి సర్వర్లలో వాడే ప్లగిన్‌లు వేరే జాతివి. అవి సర్వర్‌లోనే ఉండిపోతాయి, వనిల్లా ఆటతోనే వాటిలోకి వెళ్లవచ్చు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి మాట్లాడడం వల్లే కొత్తవారికి ఇంత అయోమయం.

అమర్చడానికి నేను సూచించేది ప్రిజమ్ లాంచర్, అంటే ఆటను తెరిచే ఒక ప్రోగ్రామ్. దానిలోకి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే ప్రవేశించాలి. అది ఒక్కొక్క మాడ్‌ల కూర్పునూ ఒక్కొక్క విడి ఫోల్డర్‌లో ఉంచుతుంది కాబట్టి మీ పాత ప్రపంచాల జోలికి ఏదీ వెళ్లదు. అధికారిక లాంచర్‌నే వాడదలిస్తే, ఇన్‌స్టలేషన్ల పేజీలో కొత్తదాన్ని సృష్టించేటప్పుడు గేమ్ డైరెక్టరీ అనే గడిలో ఒక కొత్త ఖాళీ ఫోల్డర్‌ను చూపించండి. చాలా వీడియోలు ఈ ఒక్క మెట్టును దాటవేస్తాయి. ఏ ఏర్పాటు చేసినా, మొదట సేవ్స్ అనే ఫోల్డర్‌ను మరొక చోట నకలు తీసి పెట్టుకోండి, ఎందుకంటే మాడ్‌తో తెరిచిన ప్రపంచాన్ని తరువాత ఆ మాడ్ లేకుండా తెరిస్తే దాని దిమ్మెలన్నీ మాయమవుతాయి, తిరిగి రావు.

అన్నింటికన్నా సులువైన దారి మరొకటి ఉంది. సర్వర్ నడిపే మిత్రుణ్ణి తన కూర్పు మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎగుమతి చేసి ఇమ్మనండి. మీరు దాన్ని లాంచర్‌లోకి దిగుమతి చేసుకుంటే సరైన లోడరూ సరైన వెర్షన్లూ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.

సమాధానం: లాగ్‌చదువరి

గడ్డపార గారి మాటలతో నాకు పెద్దగా పేచీ లేదు. అయితే ప్యాక్‌ను దిగుమతి చేసుకుని ఊరుకోమనడం నాకు నచ్చదు. ఒక్కసారైనా చేత్తో లోడర్‌ను ఎక్కించి, మాడ్స్ ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫైలును పెట్టి, ఆటను తెరిచి చూడండి. ఆ తరువాత ఏదైనా చెడితే ఎక్కడ చూడాలో మీకు తెలుస్తుంది. తెలియనివారు మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించడంలోనే సాయంత్రాలు గడిపేస్తారు.

ఆట తెరుచుకోకుండా ఆగిపోయినప్పుడు లాగ్స్ (ఆట తాను చేసిన పనులను రాసుకునే చిట్టాలు) ఫోల్డర్‌లోని లేటెస్ట్ అనే ఫైలును, ఉంటే క్రాష్ రిపోర్ట్స్ ఫోల్డర్‌లోని చివరి ఫైలును తెరవండి. వందల పంక్తులు చూసి భయపడనవసరం లేదు. పనికొచ్చేవి మూడు నాలుగే ఉంటాయి. ఫలానా మాడ్‌కు ఫ్యాబ్రిక్ ఏపీఐ కావాలి, అది కనిపించలేదు అని ఉంటే, అది విడిగా దించుకోవలసిన ఆధార మాడ్ అని అర్థం. ఫ్యాబ్రిక్ లోడర్‌ను పెట్టుకున్నవారు దానితోనే ఫ్యాబ్రిక్ ఏపీఐ కూడా వచ్చేసిందనుకుంటారు, కానీ అది మాడ్స్ ఫోల్డర్‌లో పెట్టవలసిన వేరే ఫైలు. క్లాస్ ఫైల్ వెర్షన్ 65.0 అంటూ ఒక పంక్తి కనబడితే, ఆ మాడ్ జావా 21 కోసం తయారైందని, మీరు దాన్ని జావా 17తో నడుపుతున్నారని తెలుసుకోవాలి, 61.0 అంటే జావా 17. మైన్‌క్రాఫ్ట్ 1.18 నుంచి 1.20.4 వరకు జావా 17తోనూ, 1.20.5 నుంచి 1.21 వరుస వెర్షన్ల వరకు జావా 21తోనూ నడుస్తుంది గనుక, 1.20.1లో 65.0 కనిపించిందంటే సాధారణంగా మీరు కొత్త వెర్షన్ మాడ్‌ను పొరపాటున దించుకున్నారన్నమాట. లాగ్‌లో ఏ మాడ్ పేరూ స్పష్టంగా లేకపోతే, మాడ్‌లలో సగాన్ని బయటకు తీసి తెరవండి. లోపం ఏ సగంలో ఉందో తేలాక ఆ సగాన్ని మళ్లీ రెండుగా విడగొట్టండి. ఆధార మాడ్‌లను మాత్రం వాటిని కోరుకునే మాడ్‌లతోనే ఉంచాలి.

మీ 8 జీబీ ర్యామ్ మితమైన కూర్పుకు సరిపోతుంది. అధికారిక లాంచర్ ఆటకు మామూలుగా 2 జీబీ కేటాయిస్తుంది, మాడ్‌లకు అది చాలదు. దాన్ని 4 జీబీకి పెంచండి, అంతకు మించి పోవద్దు. ఎక్కువ ఇస్తే ఆట ఎక్కువ వేగంగా నడుస్తుందన్నది ఒక మొండి అపోహ. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చోటు మిగలక కంప్యూటర్ మొత్తం కుంటుతుంది. వందలాది మాడ్‌లున్న పెద్ద ప్యాక్‌లు 6 నుంచి 8 జీబీ వరకు అడుగుతాయి కాబట్టి ప్రస్తుతానికి వాటి వైపు చూడకండి. బ్రౌజర్‌ను మూసేసి ఆడడం మీ చేతిలో ఉన్న ఉచిత ఉపాయం.

సమాధానం: రెడ్‌స్టోన్‌రాత్రి

భద్రత గురించిన ప్రశ్నను ఇద్దరూ వదిలేశారు కనుక నేను అందుకుంటాను. మాడ్ అనే జార్ ఫైలుకు (జావా ప్రోగ్రామ్ ఉండే ఫైలుకు) కంప్యూటర్‌లో మీ ఖాతాకున్న అధికారాలన్నీ ఉంటాయి. దానికి అడ్డుగోడ ఏదీ లేదు. అది మీ ఫైళ్లను చదవగలదు, ఇంటర్నెట్‌తో మాట్లాడగలదు. 2023 జూన్‌లో ఫ్రాక్చరైజర్ అని పేరుపడిన హానికర ప్రోగ్రామ్, మాడ్‌లు దొరికే కర్స్‌ఫోర్జ్ సైట్‌లోనూ బక్కిట్ ప్లగిన్‌ల సైట్‌లోనూ కొందరు రచయితల ఖాతాలు దుండగుల చేతికి చిక్కడం వల్ల మాడ్‌లలోకి చొరబడింది. అది బ్రౌజర్‌లో దాచిన లాగిన్ వివరాలను దొంగిలించి, కంప్యూటర్‌లోని ఇతర జార్ ఫైళ్లలోకి కూడా పాకే రకం. పేరున్న సైట్‌లోనే అలా జరిగిందంటే, వెతుకులాటలో పైన కనబడే నకలు సైట్ల సంగతి చెప్పనక్కరలేదు. అవి రచయితల అనుమతి లేకుండా ఫైళ్లను తిరిగి ఎక్కిస్తాయి, ఒక్కోసారి లేని వెర్షన్లను ఉన్నట్టు చూపిస్తాయి. అందువల్ల మాడ్‌రింత్, కర్స్‌ఫోర్జ్, లేదా మాడ్ రచయిత సొంత పేజీ, ఈ మూడింటిలోనే దించుకోండి. చాలాకాలంగా ఉన్న, మూల కోడ్ బహిరంగంగా ఉన్న, అనేకులు వాడుతున్న మాడ్‌లకే మొదట్లో పరిమితం కండి. ఇన్‌స్టాలర్ అంటూ ఈఎక్స్ఈ రూపంలో వచ్చే మాడ్‌ను అసలు తెరవవద్దు.

పాత వెర్షన్ ప్యాక్‌ల మీద మోజు పడేవారికి ఒక మాట. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌ఫోర్‌షెల్ లోపం వల్ల, సర్వర్‌లో ఎవరో చాట్‌లో టైపు చేసిన ఒక్క పంక్తితోనే మీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడిచే అవకాశం ఉండేది. 1.18.1తో ఆటలో దాన్ని సరిదిద్దారు. 1.12.2 లాంటి పాత వెర్షన్లలో ఆడదలిస్తే ఆ వెర్షన్‌కు ఫోర్జ్ విడుదల చేసిన చివరి బిల్డ్‌నే వాడాలి.

మీ సొంత ఇష్టం మీద చేర్చుకునే మాడ్‌ల విషయంలో, సాంకేతికంగా వీలవుతుందా అన్నదానికన్నా సర్వర్ నియమం ఒప్పుకుంటుందా అన్నదే పెద్ద ప్రశ్న. గోడల వెనుక ఖనిజాలను చూపే ఎక్స్‌రే లాంటివాటిని దాదాపు ఎక్కడా సహించరు. చిన్న మ్యాప్‌ను చాలామంది ఒప్పుకుంటారు, కానీ అది దగ్గరలోని ఆటగాళ్లను కూడా చుక్కలుగా చూపితే అభ్యంతరం చెబుతారు. అందుకే గ్జేరోస్ మినీమ్యాప్‌కు ఆ సౌకర్యాలు తీసేసిన ఫెయిర్ ప్లే రూపం ఒకటి విడిగా ఉంది. మిత్రుల సర్వరే అయినా ముందు అడిగి పెట్టుకోవడం మర్యాద.

ప్రశ్న అడిగినవారు: కొత్తఇటుక

ముగ్గురికీ కృతజ్ఞతలు. మిత్రుణ్ణి అడిగాను: సర్వర్ 1.20.1, లోడర్ ఫోర్జ్. కూర్పును ఎగుమతి చేసి ఇస్తానన్నాడు. సోడియం కోసం వెతికితే ఆ వెర్షన్‌కు ఫ్యాబ్రిక్ ఫైళ్లే కనబడుతున్నాయి. ఫోర్జ్‌కు ప్రత్యామ్నాయం ఏమైనా ఉందా? మా బృందంలో ఒకరు ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్ (జావా ఎడిషన్ కాని, ఆట మరో రూపం) ఆడతారు. వారు ఇదే సర్వర్‌లోకి రాగలరా?

సమాధానం: గడ్డపార

1.20.1 ఫోర్జ్‌కు సోడియం స్థానంలో ఎంబీడియం ఉంది. అది సోడియం మూల కోడ్ నుంచే పుట్టినది, మీ వైపు మాత్రమే పెట్టుకుంటే చాలు. మీ మిత్రుని కూర్పులో అది ఇప్పటికే ఉందేమో చూసుకోండి, ఒకే పని చేసే రెండు మాడ్‌లు పక్కపక్కన ఉంటే తగువు తప్పదు.

ఫోన్‌లో ఆడేవారు ఈ సర్వర్‌లోకి రావడం కుదరదనే చెప్పాలి. బెడ్‌రాక్ ఆటగాళ్లను జావా సర్వర్లలోకి తెచ్చే గీజర్ అనే వారధి ఉంది, కానీ అది వనిల్లా వస్తువులను అనువదించగలదే తప్ప క్రియేట్ తెచ్చే గేర్లనూ బెల్టులనూ ఫోన్‌కు అర్థమయ్యేలా చెప్పలేదు. బెడ్‌రాక్‌లో ఆడ్ఆన్‌ల పద్ధతే వేరు. అక్కడ సర్వర్ తన ప్యాక్‌లను చేరినవారికి తానే పంపిస్తుంది. వారితో కలిసి ఆడాలంటే మాడ్‌లు లేని మరొక చిన్న ప్రపంచాన్ని నడపమని మిత్రుణ్ణి అడగండి.

సర్వర్‌లో అడుగు పెట్టాక ఏం చెయ్యాలో తోచకపోతే రెండు మీటలు గుర్తుంచుకోండి. క్రియేట్ వస్తువు మీద మౌస్ ఉంచి డబ్ల్యూ మీటను నొక్కిపట్టుకుంటే, అది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న కదిలే దృశ్యం చూపిస్తుంది. కూర్పులో జేఈఐ అనే, వస్తువుల తయారీ విధానాలు చూపే మాడ్ కూడా ఉంటే ఏ వస్తువు మీదైనా ఆర్ నొక్కితే దాన్ని తయారుచేసే విధానం, యూ నొక్కితే దానితో ఏమేమి చెయ్యవచ్చో కనిపిస్తాయి. మొదట ఒక నీటి చక్రాన్ని తిప్పి, దానికి ఒక బెల్టును అమర్చండి. మిగతా యంత్రాలు వాటంతట అవే పిలుస్తాయి.