మా పీహెచ్‌సీలో షుగర్ వైద్యం ఎలా ఉందో ఏ లెక్కతో తెలుస్తుంది?

ప్రశ్న – పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్, ఉత్తరాంధ్ర

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. పోయిన నెల యాభై దాటిన ఒక రైతు వచ్చారు. అరికాల్లో ముల్లు దిగి వారమైనా ఆయనకి తెలియనే లేదు. వాసన వస్తుంటే కూతురు చూసి తీసుకొచ్చింది. పెద్దాసుపత్రికి పంపాం. రెండు వేళ్లు తీసేశారు.

ఆయన కార్డు తీసి చూశాను. మూడేళ్లుగా ఒక్క నెల కూడా మానకుండా వచ్చి మెట్‌ఫార్మిన్ తీసుకెళ్లారు. ప్రతిసారీ ర్యాండమ్ షుగర్ రాసి ఉంది. పాదాలు చూసినట్టు ఒక్కచోట కూడా లేదు. చూడాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. మా నెలవారీ రిపోర్టులో మాత్రం ఆయన ఫాలోఅప్ సక్రమంగా ఉన్న పేషెంటు.

రివ్యూ మీటింగుల్లో అడిగేది ఎంతమందికి స్క్రీనింగ్ చేశారు, ఎంతమందికి మందులిచ్చారు అని. ఆ రెండు అంకెలూ మాకు బాగానే ఉంటాయి. కానీ ఒక షుగర్ పేషెంటుకి ఏడాదిలో అందాల్సినవన్నీ మా దగ్గర అందుతున్నాయా అంటే నా దగ్గర జవాబు లేదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) కిట్లు ఒక నెల ఉంటాయి, రెండు నెలలు ఉండవు. ఏది లెక్కపెట్టాలి, ఎలా మొదలుపెట్టాలి?

జవాబు 1 – జీపీ (ఫ్యామిలీ డాక్టర్), ఇంగ్లండ్

డాక్టర్ గారూ, మీ కార్డు సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నేను చదివింది వైజాగ్‌లో, ఇప్పుడు ఇంగ్లండ్‌లో జీపీని. ఇక్కడ ఇంగ్లండ్, వేల్స్‌కి కలిపి నేషనల్ డయాబెటిస్ ఆడిట్ అని, షుగర్ వైద్యం ఎలా అందుతోందో చూసే లెక్క 2003-04లో మొదలైంది. షుగర్ ఉన్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి తొమ్మిది జరగాలి: హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, పాదాల పరీక్ష, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క), పొగతాగే అలవాటు అడగడం, కంటి రెటీనా ఫోటో. ఫోటో వేరే స్క్రీనింగ్ వాళ్లు తీస్తారు. మిగతా ఎనిమిదీ ఎక్కువగా మా దగ్గరే జరగాలి. వీటిలో తరచూ వెనకబడేది మూత్రం పరీక్షే. సీసా ఇచ్చి పంపిస్తాం, అది తిరిగి రాదు.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒకటుంది. దేనితో భాగిస్తున్నారో చూసుకోండి. ఉదాహరణకి వంద మంది పేర్లు ఉన్నాయి, ఈ మూడు నెలల్లో నలభై మంది వచ్చారు, వాళ్లలో ముప్పై మందికి షుగర్ కంట్రోల్‌లో ఉంది అనుకుందాం. వచ్చినవాళ్లతో భాగిస్తే 75 శాతం. అందరితో భాగిస్తే 30 శాతం. రాని అరవై మంది ఎలా ఉన్నారో మనకి తెలియదు, అందుకే వాళ్లని లెక్కలోంచి తీసెయ్యకూడదు. ఈ ఒక్కటి మారిస్తే మీ రిపోర్టు మొహమే మారిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఇక్కడ 2004 నుంచి ఇలాంటి లెక్కలకి జీపీల డబ్బులు కూడా ముడిపడ్డాయి. అందరికీ ఒకే టార్గెట్ పెడితే బక్కచిక్కిన ముసలాయన షుగర్ కూడా దించాలని చూస్తాం, ఆయన లో షుగర్‌తో పడిపోతాడు. తర్వాత బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి హద్దు వేరు చేశారు. మిగతావాళ్లకి హెచ్‌బీఏ1సీ 58, అంటే మన లెక్కలో 7.5 శాతం. ఆ బలహీనంగా ఉన్నవాళ్లకి 75, అంటే 9 శాతం.

పాదాలకి పరికరం లేదని ఆగకండి. పేషెంటుని కళ్లు మూసుకోమని, రెండు కాళ్లవీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని మీ వేలితో మెల్లగా తాకండి. నొక్కకూడదు. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు దీన్ని.

జవాబు 2 – స్టాఫ్ నర్సు, తెలంగాణ

మేడమ్, సార్ చెప్పిన రానివాళ్ల లెక్కకి మా పద్ధతి చెప్తా. కార్డులన్నీ డబ్బాలో మళ్లీ రావాల్సిన నెల ప్రకారం పెడతాం. మనిషి రాగానే కార్డు తీసి వచ్చే నెల అరలోకి మారుస్తాం. నెలాఖరుకి ఆ అరలో మిగిలినవే రానివాళ్ల కార్డులు. ఆ కట్ట ఆశా కార్యకర్తలకి ఊరి వారీగా ఇస్తాం. ఫోన్ చేస్తే కొందరు ప్రైవేటులో చూపించుకుంటున్నాం అంటారు, కొందరు కూలికి పోయి ఊళ్లో లేరంటారు, ఒకరిద్దరు చనిపోయి ఉంటారు. అది కూడా కార్డు మీద రాయాలి మేడమ్, రాయకపోతే వచ్చే నెల మళ్లీ అదే ఫోన్.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. తొమ్మిదీ ఒకేసారి మా వల్ల కాదు. బీపీ, పాదాలు, క్రియాటినిన్, మూత్రం, ఈ నాలుగూ ముందు మొదలుపెట్టాను. కార్డు వెనక నాలుగు గళ్లు గీయించాం. నిన్న ఒక ఊళ్లో అక్కడి సబ్‌సెంటర్ ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), నేను కలిసి పదిహేడు మంది పాదాలు తాకి చూశాం. నలుగురికి స్పర్శ తెలియలేదు. అందులో ఇద్దరు ఉత్త కాళ్లతో వచ్చారు.

గళ్లు నింపడంతో పని అయిపోదు కదా. కుష్ఠు కార్యక్రమంలో ఇచ్చే మెత్తటి ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు షుగర్ పేషెంట్లకి ఎవరైనా ఇప్పించగలిగారా? ఎవరిని అడగాలి?