క్వాంటం కంప్యూటర్ గురించి చెప్పేటప్పుడు ‘ఒకేసారి’ అనడం సరైనదేనా?

చర్చకు పెట్టిన వాక్యం ఇది: ‘క్యూబిట్ ఒకేసారి 0గానూ 1గానూ ఉంటుంది కాబట్టి క్వాంటం కంప్యూటర్ అన్ని లెక్కలనూ ఒకేసారి చేసేస్తుంది.’ (క్యూబిట్ అంటే క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు కనీస ప్రమాణం, మామూలు కంప్యూటర్‌లోని బిట్ లాంటిది.) ఇందులో రెండవ ‘ఒకేసారి’ పాఠకుణ్ణి దారి తప్పిస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

క్యూబిట్ ఇలా 0, 1 స్థితుల కలయికగా ఉండడాన్ని సూపర్‌పొజిషన్ అంటారు. ఆ మాటకు మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు తరంగాల అధ్యాయంలో వాడే ‘అధ్యారోపణం’ ఇక్కడా చక్కగా పనికివస్తుంది. (వేదాంతంలో అధ్యారోపమంటే లేనిదాన్ని ఉన్నదానిపై ఆరోపించడం, ఆ భ్రమ అనే అర్థాన్ని ఇక్కడికి తేకూడదు.) క్యూబిట్ల ప్రతి స్థితికీ, అంటే 0, 1ల ప్రతి వరుసకూ, ఒక కంపన పరిమితి (ఆంప్లిట్యూడ్) ఉంటుంది. అది ధన, రుణ సంఖ్యే కాక సంకీర్ణ సంఖ్య కూడా కావచ్చు. దాని పరిమాణపు వర్గమే, కొలిచినప్పుడు ఆ స్థితి కనబడే సంభావ్యత. 30 క్యూబిట్లకు ఇటువంటి స్థితులు 107 కోట్లకు పైగా ఉన్నా, కొలిస్తే చేతికి వచ్చేది వాటిలో ఒక్కటే. అన్నీ సమాన సంభావ్యతతో ఉండగా కొలిస్తే, కళ్లు మూసుకొని ఒక సంఖ్యను ఎంచుకున్నదానికీ దానికీ తేడా ఉండదు.

క్వాంటం కంప్యూటర్ వేగం వ్యతికరణం వల్ల, అంటే తరంగాలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి పెంచుకోవడం లేదా రద్దు చేసుకోవడం వల్ల, వస్తుంది. తప్పు జవాబుకు చేరే దారుల కంపన పరిమితులు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా, సరైన జవాబువి కూడి పెరిగేలా లెక్కను నడిపించాలి. 1996లో కంప్యూటర్ శాస్త్రవేత్త లవ్ గ్రోవర్ చూపిన అన్వేషణ పద్ధతి దీనికి మంచి సాక్ష్యం. ఏ క్రమమూ లేని 10 లక్షల అంశాల్లో కావలసిన ఒకదాన్ని మామూలు కంప్యూటర్ సగటున 5 లక్షల పరీక్షల్లో పట్టుకుంటే, ఈ పద్ధతికి దాదాపు 785 మెట్లు చాలు. అన్నింటినీ నిజంగా ‘ఒకేసారి’ చూసి జవాబు చెప్పగలిగితే ఒక్క మెట్టే సరిపోవాలి కదా! పైగా 785 దగ్గర ఆగకుండా ముందుకు సాగితే, సరైన జవాబు దొరికే సంభావ్యత మళ్లీ తగ్గుతుంది. ఏకకాలంలో వెతకడమనే ఊహతో ఈ తగ్గుదలను వివరించలేము. తరంగాల భాషలోనైతే అది సహజంగానే అర్థమవుతుంది.

కాబట్టి వాక్యాన్ని ఇలా మార్చమని కోరుతున్నాను: ‘అధ్యారోపణంలో ఉన్న స్థితులలో తప్పు జవాబులు వ్యతికరణం వల్ల అణగి, సరైనది బలపడేలా నడిపించగలిగిన కొన్ని సమస్యలను క్వాంటం కంప్యూటర్ చాలా తక్కువ మెట్లలో పరిష్కరిస్తుంది.’ వాక్యం పొడవైందని ‘కొన్ని’ అనే మాటను మాత్రం దయచేసి తీసివేయవద్దు. పెద్ద సంఖ్యల కారణాంకాలను కనుగొనడానికి 1994లో పీటర్ షోర్ ఇచ్చిన పద్ధతిలో లాభం ఎంతో పెద్దది, గ్రోవర్ పద్ధతిలో మెట్ల సంఖ్య అంశాల సంఖ్యకు వర్గమూలం స్థాయికే తగ్గుతుంది, అనేక నిత్యావసర లెక్కలకు ఏ లాభమూ ఇంతవరకు తెలియదు.