కడప రాళ్ళ వేస్టుతో పోర్టుకు సముద్రం పూడ్చొచ్చా?

ఎర్రగుంట్ల_పలకరాయి:
బేతంచెర్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల పలకరాయి వేస్టు గుట్టలుగా పడుంది. పోర్టుల కోసం సముద్రం పూడ్చేటప్పుడు అడుగునుంచి ఇసుక తోడి పోస్తారు కదా. దాని బదులు ఈ రాయి కృష్ణపట్నం వైపు తోలితే పనికొస్తుందా? లెక్కలతో చెప్పండన్నా.

కడప_సివిల్:
10 హెక్టార్లు, 5 మీటర్ల లోతు అనుకో. 5 లక్షల ఘనపు మీటర్లు. 25 టన్నుల టిప్పర్‌కు వదులు రాయి 14 ఘనపు మీటర్లు పడుతుంది, అంటే 35 వేల ట్రిప్పులకు పైనే. సముద్రం అడుగు కోసి ఇసుక పీల్చి పైపులో పంపే యంత్రం (కట్టర్ సక్షన్ డ్రెడ్జర్) గంటకు వెయ్యి ఘనపు మీటర్లు పోస్తూ రోజుకు 20 గంటలు నడిస్తే 25 రోజుల పని. ఓడల దారి ఎట్లాగూ తవ్వాల్సిందే, అక్కడ మంచి ఇసుక దొరికితే అదే పూడికకు పోతుంది.

దూరం సంగతి వదిలేసినా రాయి ఆకారం కుదరదు. పలకలు అడ్డదిడ్డంగా పడి మధ్యలో బొక్కలు మిగులుతాయి. పోటుపాట్లకు నీళ్ళు లోపలికీ బయటికీ తిరుగుతుంటే పైనున్న ఇసుక ఆ సందుల్లోకి జారి, యార్డులో ఉన్నట్టుండి గుంత పడుతుంది. ఇంకో చిక్కు, రాయి పోసిన చోట తర్వాత పునాది పైల్ దిగదు, మట్టిలో నీరు తీసే డ్రెయిన్ దిగదు, ఇసుకను గట్టిపరిచే వైబ్రో గొట్టమూ దిగదు.

అనంతపురం_గ్రానైట్:
చుట్టూ కట్టే గట్టుకు మాత్రం రాయే కావాల. అల తగిలే పై వరసకు పొడవు మందానికి మూడు రెట్లు మించిన రాళ్ళు తీసుకోరు, పలకరాయి అక్కడే పనికిరాకుండా పోతుంది. గ్రానైట్ దిమ్మెలే నిలుస్తాయి. గట్టు లోపలి వైపు నీళ్ళు వదిలి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ తప్పనిసరి. నీళ్ళ కింద అతుకు మీటరైనా ఒకదానిమీదొకటి రావాల, లేకుంటే పోసిన ఇసుక గట్టులోంచే కారిపోతుంది.

ఎర్రగుంట్ల_పలకరాయి:
సరేనన్నా. అడుగున మన రేగడి మాదిరి బంకమట్టి ఉంటే?

కర్నూలు_రేగడి:
అసలు కష్టం అదే. ఒక్కసారిగా ఎత్తుగా పోస్తే బంకమట్టి పక్కకు ఉబికి గట్టునే తోసేస్తుంది. మొదటి పొరలు అర మీటరు, మీటరు చొప్పున పరవాల. తర్వాత ప్లాస్టిక్ బ్యాండ్ డ్రెయిన్లు, అంటే మట్టిలోని నీరు బయటికి తెచ్చే సన్నని పట్టీలు, నిలువుగా దింపుతారు. 1.2 మీటర్ల దూరంలో వేస్తే మట్టిలోని నీరు 60–70 సెంటీమీటర్లు నడిస్తే చాలు. దారి సగమైతే పట్టే కాలం నాలుగో వంతు, అందుకే ఏళ్ళ పని నెలల్లో అవుతుంది. పైన 3–4 మీటర్ల అదనపు ఇసుక బరువు పెట్టి, నేల ఎంత కుంగిందో కొలిచే సెటిల్‌మెంట్ ప్లేట్లు, కుంగాల్సిన దాంట్లో 90 శాతం కుంగిందని చూపాకే ఆ బరువు తీయాల. తేదీ చూసి తీస్తే కట్టిన షెడ్డు చీలుతుంది.

డ్రెడ్జర్ ఇసుక పోసే పైపు నోటి దగ్గర ముతక ఇసుక పడుతుంది, సన్న బురద కొట్టుకుపోయి నీళ్ళు బయటికి పోయే మరవ దగ్గర చేరుతుంది. పైపు జరుపుతూ ఉండాల, ఆ బురద తీసేయాల. దాన్ని కప్పేస్తే ఆ మూలే కుంగుతుంది.

మట్టి పరీక్ష బోర్లు లోతుగా వేయించడం మరవొద్దు. 1994లో తెరిచిన జపాన్ కన్సాయ్ విమానాశ్రయం దీవి పూడ్చినప్పటి నుంచి 10 మీటర్లకు పైగా కుంగింది. పై 20 మీటర్ల మట్టికి ఇసుక డ్రెయిన్లు వేశారు. దాని కిందున్న పాత బంకమట్టి ఇంకా దిగుతూనే ఉంది.