దీర్ఘవ్యాధి వెనుక దేవుని ఉద్దేశముందని రోగితో చెప్పవచ్చునా?

జయపురం సోదరి:
అందరికీ వందనాలు. మా తమ్ముడికి సికిల్ సెల్ వ్యాధి, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారి తీవ్రమైన నొప్పులు తెచ్చే జబ్బు. మొన్న మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూటంలో ఒక సంఘ పెద్ద, "దేవుడు ఏదో గొప్ప ఉద్దేశంతోనే నీకు ఈ జబ్బు ఇచ్చాడు, అదేమిటో తెలుసుకో" అన్నారు. ప్రేమతోనే అన్నారు గానీ, తమ్ముడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మన లూథరన్ విశ్వాసం ప్రకారం ఆ మాట సరైనదేనా?

రాయగడ సభ్యుడు:
సరైనదేనమ్మా. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాని గురించి శిష్యులు అడిగినప్పుడు, దేవుని క్రియలు అతనియందు ప్రత్యక్షమగుటకే అని ప్రభువు చెప్పాడు కదా. ఏ ఉద్దేశమూ లేదంటే మంచం పట్టినవాడు దేన్ని పట్టుకుని బతకాలి? మన లూథరన్ సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు కూడా 1537లో జర్మనీలోని ష్మాల్కాల్డెన్‌లో మూత్రంలో రాళ్ళతో చావు అంచుదాకా వెళ్ళి, బయటపడ్డాక అది భక్తుల ప్రార్థనల వల్ల దేవుడు చేసిన అద్భుతమని భార్యకు ఉత్తరం రాశాడు.

కొరాపుట్ సభ్యుడు:
అన్నగారూ, నాదీ అదే వ్యాధి. ఇక్కడి చలికి తెల్లవారుజామున నొప్పి లేస్తే తొడ ఎముకలో మేకు దిగినట్లుంటుంది. అమ్మ ఇసుక వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెడుతుంది. ఈ జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు వస్తేనే వస్తుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె తనను తాను నిందించుకునేది. మీరు చెప్పిన వాక్యంలోనే మొదటి సగం, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్న మాట, ఆమెను నిలబెట్టింది. రెండో సగాన్ని ప్రభువు చెప్పాడు, చెప్పి ఆ మనిషికి కంటిచూపు ఇచ్చాడు. మనం కంటిచూపు ఇవ్వలేము, ఆ మాట మాత్రం అరువు తెచ్చుకుంటాము.

లూథరు రాళ్ళు తొలగినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాడే గానీ రాళ్ళను వరమనలేదు. ఆ బాధ తర్వాతా ఆయనను వదల్లేదు. 1518లో హైడెల్‌బర్గ్‌లో చర్చకు పెట్టిన 21వ ప్రతిపాదనలో, దేవుణ్ణి బలంలో, వైభవంలో వెదికే మహిమ వేదాంతి చెడును మంచి అంటాడనీ, దేవుణ్ణి క్రీస్తు సిలువ శ్రమలో చూసే సిలువ వేదాంతి ఉన్నదాన్ని ఉన్నట్లు చెబుతాడనీ అన్నది ఆయనే. నొప్పిని నొప్పి అనడం అవిశ్వాసం కాదని నాకు నేర్పింది ఆ ఒక్క వాక్యమే.

మరి అర్థం ఎక్కడ దొరికిందంటారా? గుడికి వెళ్ళలేని ఆదివారం పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, మంచం పక్కన ముక్కాలిపీట మీద ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం పెట్టి, "ఇది మీకొరకు ఇయ్యబడుచున్న నా శరీరము" అంటారు. 1529లో రాసిన 'చిన్న ఉపదేశం' అనే విశ్వాస పాఠాల పుస్తకంలో లూథరు అన్నింటికన్నా గట్టిగా పట్టుకున్నది ఆ "మీకొరకు" అన్న మాటనే. పనికి పోలేక, ఎవరికీ ఏమీ చేయలేక పడి ఉన్న రోజున ఆ మాట నా దగ్గరికి వచ్చింది. జబ్బు ఎందుకు వచ్చిందో ఆ రోజూ తెలియలేదు.

రాయగడ సభ్యుడు:
పెద్దాయన ఆ మాట ఆ కుర్రవాడి మీద మోపకుండా ఉండవలసిందని ఒప్పుకుంటాను. అయితే మా అక్క పక్షవాతంతో మంచాన ఉన్నన్నాళ్ళూ, ఇది తనకు ప్రార్థన నేర్పిందని తన నోటితోనే చెప్పింది. దాన్ని కాదనలేను.

కొరాపుట్ సభ్యుడు:
కాదనవద్దు. ఆమె చెబితే అది సాక్ష్యం. ఆమె కంటే ముందు మనం చెబితేనే నాకు అభ్యంతరం. సోదరీ, ఈ చలికాలం తమ్ముడి చేత నీళ్ళు బాగా తాగించండి, డాక్టరు రాసిన మాత్రలు ఆపనివ్వకండి. నిద్ర పట్టని రాత్రి 88వ కీర్తన చదివి వినిపించండి. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతోనే ముగుస్తుంది. అక్కడితో ఆపి, పక్కన కూర్చోండి.