ల్యాప్‌టాప్‌కి విడిగా నంబర్ ప్యాడ్ కొనాలి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో రోజంతా అంకెలు కొట్టేవాళ్లు చెప్పండి

తణుకు పద్దులు:

నమస్తే అండీ. తణుకులో ఇంటి దగ్గర నుంచే నాలుగు షాపులకు లెక్కలు రాస్తాను. రెండు కిరాణా హోల్‌సేల్, ఒకటి హార్డ్‌వేర్, ఒకటి ఎరువుల కొట్టు. ఇన్నాళ్లూ డెస్క్‌టాప్ మీద పెద్ద కీబోర్డుతో పని చేశాను. మొన్నామధ్య అది పాడైపోతే 14 అంగుళాల ల్యాప్‌టాప్ తీసుకున్నాను. దానికి కుడి పక్కన అంకెల కీలు లేవు. కొనేటప్పుడు ఆ సంగతే తోచలేదు.

పై వరస అంకెలతో ఎంట్రీ చేస్తుంటే ప్రతి బిల్లుకీ తల దించి వెతుక్కోవాల్సి వస్తోంది. ఇదివరకు కళ్లు బిల్లు మీద, వేళ్లు ప్యాడ్ మీద ఉండేవి. హార్డ్‌వేర్ వాళ్ల అమ్మకం బిల్లులు 40 ఎక్కించడానికి గంటన్నర పట్టేది. ఇప్పుడు మూడు గంటలైనా తెమలడం లేదు. 11వ తేదీకి జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్న్, వెయ్యాలంటే టెన్షన్‌గా ఉంటోంది.

మా తమ్ముడి దగ్గరున్న వైర్‌లెస్ ప్యాడ్ తెచ్చుకుని రెండు వారాలు వాడాను. అక్కడే పెద్ద దెబ్బ తగిలింది. ఒకరోజు ఎరువుల కొట్టాయన ఫోన్ చేస్తే పది నిమిషాలు మాట్లాడాను. ఫోన్ పెట్టేసి, ముందున్న చెక్కు పేమెంటు 18,450 కొట్టి, ఎంటర్ నొక్కి తర్వాతి దానికి వెళ్లిపోయాను. నెలాఖర్న బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూస్తే సరిగ్గా 10,000 తేడా. రెండు సాయంత్రాలు వెతికితే దొరికింది. వోచర్‌లో, అంటే ట్యాలీలో నేను ఎక్కించిన పద్దులో, 8,450 అని ఉంది. ముందున్న 1 పడనే లేదు.

నేనే సరిగా నొక్కలేదేమో అనుకుని, ప్యాడ్‌ని కాసేపు కదపకుండా వదిలేసి నోట్‌ప్యాడ్‌లో 123 కొట్టాను. 23 పడింది. మళ్లీ వదిలేసి మళ్లీ కొట్టాను, మళ్లీ 23. మూడోసారీ అంతే. అప్పటినుంచి దాన్ని ముట్టుకోవాలంటే భయమేస్తోంది. ఒకరి డబ్బు లెక్క ఇది, నా చేతిలో పెట్టి వాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

అందుకని అడుగుతున్నాను. వైర్ ఉన్నది కొంటే ఈ బాధ ఉండదా? రెండు సున్నాల కీ ఉన్నవి కూడా కనిపిస్తున్నాయి, అవి మంచివేనా? ఇంకో చిక్కు, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ రంధ్రాలు రెండే. ఒకటి మౌస్‌కి పోతుంది. హార్డ్‌వేర్ వాళ్లది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి రిటర్న్ వేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్ కూడా పెట్టాలి. వెయ్యి లోపల అయితే బాగుంటుంది.

హన్మకొండ సర్వీస్:

మేడమ్, మీరు నోట్‌ప్యాడ్‌లో చేసిన పరీక్షతోనే సంగతి తేలిపోయింది. వైర్‌లెస్ ప్యాడ్ బ్యాటరీ మిగుల్చుకోవడానికి కాసేపు కదలిక లేకపోతే నిద్రలోకి పోతుంది. మొదట నొక్కిన కీ దాన్ని లేపుతుంది. కొన్ని ప్యాడ్‌లు లేస్తూనే ఆ కీని కూడా పంపిస్తాయి, కొన్ని లేవడంతోనే సరిపెడతాయి. సినిమా ఆపడానికో, సౌండ్ తగ్గించడానికో అయితే ఇంకోసారి నొక్కుతాం, సరిపోతుంది. లెక్కల్లో మొదటి అంకె పోవడమంటే అన్నిటికన్నా పెద్ద అంకె పోవడం. మీ పనికి వైర్ ఉన్నదే తీసుకోండి, రెండో ఆలోచన వద్దు.

రంధ్రాల సంగతి: టోకెన్‌ని నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. మౌస్, ప్యాడ్ రెండూ చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి కాబట్టి ఒక రంధ్రాన్ని నాలుగైదు చేసే చిన్న హబ్ కొని రెండూ దానికి తగిలించొచ్చు. వెనకాల రంధ్రాలున్న ప్యాడ్‌లు కూడా ఉంటాయి, మౌస్‌ని దానికే పెట్టుకోవచ్చు. టోకెన్‌ని మాత్రం దానికి పెట్టొద్దు.

కొనేముందు మీ ల్యాప్‌టాప్‌లో ఒకటి చూసుకోండి. యు, ఐ, ఓ కీల మూలల్లో చిన్నగా 4, 5, 6 అని అచ్చు వేసి ఉందా? కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా పాతవాటిలో, అక్షరాల్లోనే నంబర్ ప్యాడ్ దాచేవాళ్లు. అలాంటి వాటికి బయటి ప్యాడ్ పెట్టి నమ్‌లాక్ (ప్యాడ్ కీలు అంకెలుగా పనిచేయడానికి నొక్కే కీ) వేస్తే అక్షరాలు కూడా అంకెలైపోతాయి. మా షాపుకి ఒకాయన వైరస్ పట్టిందని ల్యాప్‌టాప్ తెచ్చాడు. లెడ్జర్ కోసం లక్ష్మి అని ఇంగ్లిష్‌లో కొడుతుంటే ఎల్ బదులు 3, కె బదులు 2, ఎమ్ బదులు 0, ఐ బదులు 5 పడుతున్నాయి. పాపం అంతకుముందు ఎవరికో డబ్బులిచ్చి విండోస్ మొత్తం మళ్లీ వేయించుకున్నాడు. నమ్‌లాక్ తీస్తే అక్షరాలు బాగయ్యాయి, కానీ ప్యాడ్ మీద 8 నొక్కితే బాణం పైకి పోయింది. చివరికి తన నమ్‌లాక్ తనలోనే ఉంచుకుని ల్యాప్‌టాప్‌కి చెప్పని రకం ప్యాడ్ తెప్పించి ఇచ్చాను. మీ కీల మీద అంకెలు లేకపోతే ఈ గొడవ చాలావరకు లేనట్టే.

రిటైర్డ్ క్యాషియర్:

అమ్మా, 1980ల చివర్లో మా బ్రాంచికి ఏఎల్‌పీఎం, అంటే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్, వచ్చిన రోజు నుంచి రిటైరయ్యే దాకా అంకెలే కొట్టాను. అందుకని చేతికి సంబంధించిన మాట చెబుతాను.

ముందు 5 మీద వేలు పెట్టి చూడు. చిన్న గీతో బొడిపో తగలాలి. మధ్యవేలు దాని మీద, చూపుడువేలు 4 మీద, ఉంగరపు వేలు 6 మీద, బొటనవేలు 0 మీద, చిటికెన వేలు ఎంటర్‌కి. చూడకుండా కొట్టేవాళ్లకి ఇల్లు ఆ బొడిపే. కొన్ని చవక ప్యాడ్‌ల మీద అది కంటికి కనిపిస్తుంది గానీ వేలికి తగలదు. కళ్లు మూసుకుని తడిమి చూడు, తెలిసిపోతుంది.

రెండు సున్నాల కీ గురించి నా అనుభవం వేరు. చాలామంది అది ఉంటే మంచిదంటారు, క్యాలిక్యులేటర్ అలవాటున్న వాళ్లకి మంచిదే. నువ్వు డెస్క్‌టాప్ కీబోర్డు మీద పెరిగినదానివి. అక్కడ 0 కీ రెండు కీల వెడల్పు ఉంటుంది, బొటనవేలు ఎక్కడ పడినా 0 ఒక్కటే పడుతుంది. రెండు సున్నాల కీని చాలా ప్యాడ్‌లలో ఆ వెడల్పులోంచే కోసి పెడతారు. అలవాటైన చోట బొటనవేలు వేస్తే 450 కొట్టబోయి 4500 కొడతావు. కాబట్టి వెడల్పాటి సున్నా ఉన్నదే తీసుకోమంటాను.

ఎంటర్ నిలువుగా రెండు కీల పొడవు ఉండాలి. ప్యాడ్ అడుగున రబ్బరు కాళ్లు గట్టివై ఉండాలి. తేలికపాటి ప్యాడ్ వేగంగా కొడుతుంటే బల్ల మీద జరిగిపోతుంది, ఇల్లు తప్పిన వేళ్లు 5 అనుకుని 2 కొడతాయి. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను కాబట్టి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి నొక్కి చూసి కొంటాను. నువ్వు కూడా దగ్గర్లో ఉన్న ఊరికి వెళ్లి చేత్తో ముట్టుకునే కొను. ఫొటో చూసి కొనేది కాదు.

ఎడమ పక్కన:

నాదొక్క సలహా అక్కా. విడి ప్యాడ్ కాబట్టి కుడి పక్కనే పెట్టాలని రూల్ లేదు. నాకు కుడి భుజం నొప్పి వచ్చాక ఎడమ పక్కకి మార్చాను. కుడి చెయ్యి మౌస్ మీదే ఉంటుంది, బిల్లు మీద టిక్కు పెట్టడానికి పెన్ను కూడా అదే పట్టుకుంటుంది. మొదటి వారం 7, 9 తారుమారయ్యాయి, మూడు వారాలకి చెయ్యి కుదురుకుంది. రిటర్న్ గడువు దగ్గరున్నప్పుడు మాత్రం మొదలుపెట్టొద్దు. వైరు ఎడమ నుంచి హబ్ దాకా అందుతుందో లేదో ముందే కొలుచుకోండి.

తణుకు పద్దులు:

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఆదివారం రాజమండ్రి వెళ్లి కొన్నాను. నా బిల్లుల్లోంచి ఒకటి పట్టుకెళ్లాను. షాపులో నాలుగు ప్యాడ్‌లు పెట్టించుకుని, వాళ్ల కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి అదే బిల్లు నాలుగింటి మీదా చూడకుండా కొట్టాను. క్యాషియర్ గారు చెప్పినట్టు రెండింటికి 5 మీద బొడిపె వేలికి తగల్లేదు. మూడోది మెత్తగా బాగానే ఉంది గానీ రెండు సున్నాల కీ ఉంది. దాని మీద కొట్టిన పది అంకెల్లో రెండు చోట్ల సున్నా ఎక్కువ పడింది, ఆయన మాట అక్కడే రుజువైంది. నాలుగోది 640 రూపాయలు. వైరు ఉంది, వెడల్పు సున్నా ఉంది, కాస్త బరువుగా ఉండి జరగడం లేదు. దాన్నే తెచ్చుకున్నాను. నా కీల మీద చిన్న అంకెలు లేవు, అక్షరాలు సరిగానే పడుతున్నాయి.

ఒక్కటి మాత్రం ఇంటికొచ్చాక తెలిసింది, మీలో ఎవరికైనా పనికొస్తుంది. మర్నాడు పొద్దున ట్యాలీ తెరిచి రేటు దగ్గర 9 నొక్కగానే అంతకుముందు వోచర్ తెర మీదికొచ్చేసింది. కంగారుపడ్డాను. చూస్తే నమ్‌లాక్ లేదు, 9 కాస్తా పేజ్ అప్ అయింది. మెషీన్ ఆపి వేసినప్పుడల్లా అది పోతోంది. ల్యాప్‌టాప్ మీద నమ్‌లాక్‌కి లైటు లేదు, ఈ ప్యాడ్ మీద చిన్న పచ్చ లైటు ఉంది కాబట్టి బతికాను. లైటు లేనిది కొనకండి. ఇప్పుడు పొద్దున్నే లైటు చూశాకే మొదటి బిల్లు తీస్తున్నాను.

ఎడమ పక్కకి మార్చడం 20వ తేదీ జీఎస్టీ రెండో రిటర్న్ 3బీ వేసేశాక మొదలుపెడతాను తమ్ముడూ, వైరు అందుతోంది.

ఇంకో పని కూడా చేశాను. పాత ప్యాడ్‌తో ఆ రెండు వారాల్లో ఎక్కించిన వోచర్లన్నీ బిల్లులు ముందేసుకుని ఒక్కొక్కటే పోల్చాను. మరో రెండు దొరికాయి. 2,310 ఉండాల్సిన చోట 310, 6,075 ఉండాల్సిన చోట 75. రెండూ కిరాణా వాళ్లవే, రిటర్న్‌లోకి ఇంకా ఎక్కలేదు. సరిచేసి, ఇద్దరికీ ఫోన్ చేసి ఏం జరిగిందో చెప్పాను.