బ్లెచ్లీ పార్క్ బుర్రకథ: హాలు రద్దయింది, దయచేసి ఈ రాత్రికే జవాబివ్వండి

కార్యదర్శి, మంగళవారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మన తెలుగు సంఘం దీపావళి సభకు, పిల్లల బుర్రకథకు మనం తీసుకున్న హాలును ఇవ్వలేమని ఈ సాయంత్రం ఉత్తరం వచ్చింది. పైకప్పులోంచి నీరు దిగిందట, మరమ్మతులు నెలాఖరు దాకా సాగుతాయట. అడ్వాన్సు తిరిగి ఇస్తారు కాని, అందుకు నాలుగు వారాలు పడుతుంది. ఆదివారం నేను పంపిన పనుల జాబితాలో వేదిక అలంకరణ, మైకులు, వంటగది, పార్కింగ్ అన్నీ ఆ హాలును బట్టి రాసుకున్నవే. మిల్టన్ కీన్స్‌లో నాలుగు చోట్ల అడిగాను. ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క హాలు, దానికి మన లెక్క కన్నా 640 పౌండ్లు ఎక్కువ అవుతుంది.

కోశాధికారి, రాత్రి 9:15

ఖాతాలో 410 పౌండ్లున్నాయి. అడ్వాన్సు చేతికి రాకుండా ఆ హాలు తీసుకోవడం మన వల్ల కాదు. భోజనాలు ఏదైనా హోటల్లో పెట్టుకుని, బుర్రకథను ఉగాదికి వాయిదా వేద్దాం. రెండో హాలు ఒకటి చూసి ఉంచుదామని ఆగస్టులోనే చెప్పాను, ఆనాడు ఎవరూ పట్టించుకోలేదు.

కార్యదర్శి, రాత్రి 9:22

పట్టించుకోలేదనడం న్యాయం కాదు. ఆగస్టులో హాలు వెతికినప్పుడు ఆఫీసు మధ్యాహ్న విరామంలో, ఒక్కదాన్నే ఇన్ని చోట్లకు ఫోన్లు చేశాను. ఆ రోజు ఎవరైనా తోడు వచ్చి ఉంటే రెండో హాలు కూడా చూసేదాన్నే.

బుర్రకథ బాధ్యురాలు, రాత్రి 10:05

అన్నయ్యా, ఉగాదికి వాయిదా అంటే రద్దేనని మనందరికీ తెలుసు. పన్నెండు మంది పిల్లలు, ఒక్కో ఘట్టానికి ఒక కథకుడు, ఇద్దరు వంతలు చొప్పున, ఆరు వారాలుగా సాధన చేస్తున్నారు. కథ కూడా మనం రోజూ బస్సులో దాటి వెళ్లే బ్లెచ్లీ పార్క్ ఇంటి కథ.

మొదటి ఘట్టంలో, 1883లో లండన్ ధనికుడు హెర్బర్ట్ లియోన్ ఆ ఎస్టేటు కొని, ఉన్న ఇంటిని తనకు నచ్చినట్టు పెంచుకుంటూ పోతాడు. గోథిక్, ట్యూడర్, డచ్ బరోక్ పోకడలు ఒకే ముఖభాగం మీద పక్కపక్కన నిలబడ్డాయంటే, ఆకుపచ్చగా మారిన ఆ రాగి గుమ్మటం చెరువు అవతలి నుంచి కూడా కనిపిస్తుందంటే, అదంతా ఆయన అభిరుచి. ఆయన 1926లో, ఆయన భార్య 1937లో కాలం చేశాక ఆస్తి అమ్మకానికి వచ్చింది. కొన్న బిల్డరు ఆ భవనాన్ని కూల్చి ఇళ్లు కట్టాలనుకున్నాడు. 1938లో బ్రిటిష్ గూఢచార విభాగం అధిపతి అడ్మిరల్ సింక్లెయిర్ 6,000 పౌండ్లకు భవనాన్నీ 58 ఎకరాల నేలనూ కొనకపోతే రెండో ఘట్టమే లేదు.

ఆ రెండో ఘట్టం, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలను అక్కడ ఛేదించిన కథ, అందరికీ తెలిసినదే కాబట్టి దాని గురించి రాయను. నా బాధ మూడో ఘట్టం గురించి. 1946లో సంకేతలిపి సిబ్బంది వెళ్లిపోయాక ఆ భవనంలో టీచర్ల శిక్షణ కళాశాల నడిచింది, ఆ ప్రాంగణంలోనే పోస్టాఫీసు, టెలిఫోను ఉద్యోగులు శిక్షణ పొందారు. యుద్ధకాలపు ఉద్యోగులు రహస్యం బయటపెట్టబోమని సంతకాలు చేసి ఉండడంతో, అక్కడ ఏం జరిగిందో 1970ల మధ్య దాకా అదే గదుల్లో చదువుకున్నవారికి కూడా తెలియలేదు. 1991 నాటికి మళ్లీ కూల్చివేత మాట వచ్చింది. స్థానిక చరిత్ర సంఘం వారు, ఇల్లు ఎలాగూ పోతోంది కదా, ఒకప్పుడు అక్కడ పనిచేసినవారిని చివరిసారి పిలిచి వీడ్కోలు చెబుదామని అక్టోబరులో ఒక సభ పెట్టారు. సుమారు 400 మంది వచ్చారు. అర్ధశతాబ్దం మౌనంగా ఉన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే విన్నాక, ఆ నిర్వాహకులు వీడ్కోలు ఆలోచన మానుకుని ఇంటిని నిలబెట్టే పనికి పూనుకున్నారు. 1992 ఫిబ్రవరిలో కౌన్సిల్ ఆ ప్రాంగణంలో చాలా భాగాన్ని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది, అదే నెలలో ఇంటిని కాపాడేందుకు ట్రస్టు ఏర్పడింది. వాళ్లూ మనలాంటి సంఘం మనుషులే. ఈ ఘట్టం నేర్చుకున్న పిల్లలకు హాలు లేదు గనుక కథ లేదని నేను చెప్పలేను.

కథ దిద్దిన పెద్దాయన, రాత్రి 10:40

అమ్మా, సమయం తగ్గితే నా యుద్ధ ఘట్టంలోనే కోత పెట్టు, మూడోది ముట్టుకోకు. జర్మన్ల సంకేతలిపి యంత్రం ఎనిగ్మా అమరికలను కనిపెట్టే ‘బాంబ్’ అనే యంత్రం ఎలా తిరిగేదో చెప్పే భాగం తీసేస్తే ఐదు నిమిషాలు మిగులుతాయి. అయితే రెండు సవరణలు తప్పనిసరి. ఎనిగ్మాను మొదట ఛేదించింది పోలండు గణితవేత్తలు. 1932 నుంచి వారు సాధించినదంతా 1939 జూలైలో వార్సా దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి వారికి అప్పగించారు. ఆ చరణంలో బ్రిటిష్ గణితవేత్త ట్యూరింగ్ ఒక్కడి పేరే ఉంది, అది మార్చాలి. అక్కడి కొలోసస్ అనే యంత్రం ఎనిగ్మాను ఛేదించడం కోసం కాదు, జర్మన్ల లోరెంజ్ అనే టెలిప్రింటర్ సంకేతలిపి కోసం. చిన్నప్పుడు పాడినది జీవితాంతం గుర్తుంటుంది గనుక తప్పు పాడించకూడదు. 1945 మొదట్లో అక్కడున్న సుమారు 9,000 మందిలో నాలుగింట మూడు వంతులు స్త్రీలేనన్న చరణాన్ని మాత్రం ఎంత తొందరైనా వదలకండి.

కోశాధికారి, రాత్రి 11:10

ఇందాక నేను మాట తూలాను. కార్యదర్శి గారూ, క్షమించండి. ఈ బరువంతా మీ ఒక్కరి మీద పడిందని ఫోన్ల సంగతి చదివాక అర్థమైంది. మన శనివారం తెలుగు తరగతి నడిచే బడిలోని భోజనశాల గురించి ఇప్పుడే అక్కడి కేర్‌టేకర్‌ను అడిగాను. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా 90 పౌండ్లకు ఇస్తారు. వేదిక లేదు, పొయ్యి వెలిగించకూడదు, 120 మందికి మించకూడదు.

బుర్రకథ బాధ్యురాలు, రాత్రి 11:18

అన్నయ్యా, చాలా సంతోషం. మన ఊళ్లలో బుర్రకథ రచ్చబండ దగ్గర చెప్పుకునేదే, వేదిక లేకపోయినా లోటు లేదు. బల్లలు గోడవారకు జరిపి, పిల్లలను మధ్యలో నిలబెట్టి, చుట్టూ జంబుఖానాలు పరుద్దాం. అంత చిన్న గదిలో మైకులు కూడా అక్కర్లేదు, గుమ్మెట మోత చాలు. 2023 నవంబరులో ఆ భవనంలోనే జరిగిన కృత్రిమ మేధ సదస్సుతో నాలుగో ఘట్టం ముగుస్తుంది. మనలో సగం మంది చేసే పని అదే గనుక ఆ చివరి వంత పెద్దలంతా అందుకోవాలి.

భోజనాల బాధ్యులు, బుధవారం ఉదయం 7:30

వండించే మాట మరిచిపోదాం. పులిహోర ఆరు ఇళ్లు, దద్దోజనం నాలుగు ఇళ్లు, బూరెలు మా ఇల్లు. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలు ఇద్దరున్నారు కాబట్టి పులిహోరలో పల్లీలు వేయకండి, జీడిపప్పు కూడా వద్దు. క్యాటరింగ్ వారికి నేనే ఫోన్ చేసి చెబుతాను.

కార్యదర్శి, బుధవారం ఉదయం 8:05

భోజనశాల ఖాయం చేశాను. టికెట్లు ఇప్పటికే 134 వెళ్లాయి కాబట్టి, మా కుటుంబం, కార్యవర్గంలోని మరో రెండు కుటుంబాలు భోజనాలయ్యాకే లోపలికి వస్తాం, మిగిలినవారిలో మరో నలుగురు ఇందుకు ముందుకు రండి. మూడో ఘట్టం పిల్లలు గురువారం ఆరు గంటలకు మా ఇంటికి రావాలి. తంబురాకు ఒక తంతి తెగింది, ఎవరి దగ్గరైనా వీణ తంతి ఉంటే పంపించండి.