మాస్టడాన్ డైరెక్ట్ మెసేజ్‌లు మనం తప్ప ఇంకెవరైనా చదవగలరా?

వంశధార_గుణుపురం:
అందరికీ నమస్కారం. మా గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు ప్లస్ టూ అయ్యాక శ్రీకాకుళం, వైజాగ్ కాలేజీల్లో చేరాలంటే లోకలా నాన్ లోకలా, ఒడిశాలో ఇచ్చిన కుల సర్టిఫికెట్ అక్కడ చెల్లుద్దా, ఇలా బోల్డన్ని డౌట్లు, వాళ్ళకి సాయంగా ఉంటాదని ఫ్రెండ్స్‌మి కలిసి మాస్టడాన్‌లో ఒక అకౌంట్ పెట్టాం. అది ట్విట్టర్ లాంటిదే, కాకపోతే ఒక్కో సర్వర్ ఒక్కొక్కరు నడుపుతారు. యాడ్స్ ఉండవు, పెద్ద కంపెనీ చేతిలో ఉండదు అని నచ్చి వెళ్ళాం. ఇప్పుడు పిల్లలు మెసేజ్‌లోనే ఆధార్ ఫోటో, మార్కుల లిస్టు, వాళ్ళ నాన్న బ్యాంక్ పాస్‌బుక్ పంపించేస్తన్నారు, ఒకమ్మాయి ఇంట్లో గొడవలు కూడా రాసింది. ఇవి మాకు తప్ప ఎవరికీ కనపడవు కదా? కంపెనీ లేదు కాబట్టి సేఫ్ అనుకోవచ్చా? నాకు భయంగా ఉంది.

నాగావళి_గట్టు:
చెల్లెమ్మా, అలా అనుకోవద్దు. మాస్టడాన్‌లో అది కూడా పోస్టే, కాకపోతే చూసేవాళ్ళ లిస్టు చిన్నది, అందుకే దాన్ని ప్రైవేట్ మెన్షన్ అంటారు. వాట్సాప్‌లో 2016 నుంచి ఉన్న, పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇందులో లేదు. మీ సర్వర్ నడిపే ఆయన డేటాబేస్ తెరిస్తే చదవగలడు, ఆ పిల్ల వేరే సర్వర్‌లో ఉంటే అక్కడి ఆయన కూడా చదవగలడు, అంటే కంపెనీ ఒకటి పోయి మనకి తెలియని మనుషులు ఇద్దరు వచ్చారు. ఇంకోటి, చాలామందికి తెలీదు, మెసేజ్ మధ్యలో ఎవరి హ్యాండిల్ అయినా అట్ గుర్తుతో రాస్తే ఆ మెసేజ్ వాళ్ళకీ వెళ్ళిపోద్ది. సీటు ఇప్పిస్తానని డబ్బులు తీసుకున్న ఏజెంట్ గురించి ఓ పిల్ల అతని హ్యాండిల్ పెట్టి మీకు రాసిందంటే అతను కూడా చదివేస్తాడు. పిల్లలకి ముందు ఇది చెప్పండి.

మహేంద్రగిరి:
నేను చిన్న సర్వర్ నడుపుతున్నాను. మేం కూర్చుని ఎవరి మెసేజ్‌లూ చదవం, మామూలు అడ్మిన్ పేజీలో అవి ఎదురుగా కనపడవు కూడా, కానీ చదవాలంటే చదవగలం అనేది నిజం. బ్యాకప్‌లలో అవీ ఉంటాయి, సర్వర్ హ్యాక్ అయితే అవీ పోతాయి. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఫోటోల సంగతి: ప్రైవేట్ మెన్షన్‌లో పెట్టిన ఫోటోకి కూడా ఒక లింక్ ఉంటుంది, ఆ లింక్ దొరికితే లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది, ఊహించి కొట్టలేనంత పొడుగు లింకే గానీ ఎవరైనా కాపీ చేసి పంపితే అంతే. అవతలి సర్వర్ ఆ ఫోటో కాపీ కూడా దాచుకుంటుంది. డిలీట్ కొడితే మన సర్వర్ అవతలి సర్వర్‌కి తీసెయ్యమని చెప్తుంది, అది వింటుందని గ్యారంటీ లేదు.

బరంపురం_బాబు:
అయితే ట్విట్టర్ లాంటిదే ఇంకోటి ఉంది కదా, ఆ బ్లూస్కైకి వెళ్ళిపోతే?

నాగావళి_గట్టు:
అక్కడా ఇంతే తమ్ముడూ. 2024 మే లో డైరెక్ట్ మెసేజ్‌లు తెచ్చారు గానీ అవి ఎండ్ టు ఎండ్ కాదు, పైగా మన పోస్టులు ఏ సర్వర్‌లో పెట్టుకున్నా మెసేజ్‌లు మాత్రం ఆ కంపెనీ సర్వర్‌లోనే. అలాగని సర్వర్లు విడివిడిగా ఉంటే దాపరికం కుదరదని కాదు, మేట్రిక్స్ అనే చాట్ నెట్‌వర్క్ కూడా అలాంటిదే, దాన్ని వాడే ఎలిమెంట్ యాప్‌లో ప్రైవేట్ రూములకి 2020 నుంచి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుద్ది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సర్వర్‌కి తెలుస్తుంది గానీ రాసింది తెలీదు. పిల్లలకి సులువు కావాలంటే సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ పెట్టండి, 2024 నుంచి యూజర్‌నేమ్ ఇచ్చి ఫోన్ నంబర్ చూపించకుండా మాట్లాడొచ్చు, ఆడపిల్లలకి అది చాలా అవసరం. ఆధార్ కావాలంటే చివరి 4 అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోమనండి. అసలు లోకల్ స్టేటస్ చెప్పడానికి మీకు పాస్‌బుక్ ఎందుకమ్మా, ఏ క్లాసు ఎక్కడ చదివారో చెప్తే చాలు కదా.

వంశధార_గుణుపురం:
అన్నయ్యా, ఇద్దరికీ చాలా థాంక్స్. పాస్‌బుక్ మేం అడగలేదు, వాళ్ళే పంపుతున్నారు, ఇకనుంచి వద్దని పైన పిన్ చేసి పెడతాను. వచ్చినవన్నీ ఇప్పుడే డిలీట్ చేద్దామని చూస్తే నేను రాసినవే పోతున్నాయి, వాళ్ళవి పోవట్లేదు?

మహేంద్రగిరి:
అవునమ్మా, ఎవరు పంపింది వాళ్ళే తీసెయ్యాలి. ఒక్కొక్కరికీ చెప్పి తీయించండి, ఇంటి గొడవలు రాసిన అమ్మాయితో మొదలుపెట్టండి.